చెవి కుట్టించుకున్న చోట గడ్డ కట్టిందా? కోయించేసే ముందు ఇది చదవండి.. కీలాయిడ్‌కు ఉన్న చికిత్సలివే

విజయవాడ: సాయంత్రం ఆరు దాటితే గవర్నర్‌పేట బీసెంట్ రోడ్డులో నడవడానికి సందు దొరకదు. బట్టలు, చెప్పులు, గాజులు, కమ్మలు.. అన్నీ అక్కడే. కాలేజీ అమ్మాయిలు కొత్త కమ్మలు చూసి, వాటి కోసం చెవికి రెండో రంధ్రం, మూడో రంధ్రం కుట్టించుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. గన్‌తో టక్‌మని కొడితే నిమిషంలో అయిపోయే పని. చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. కొందరికి మాత్రం అసలు కథ అక్కడే మొదలవుతుంది.

మూడు నాలుగు నెలలు గడిచాక రంధ్రం వెనకాల చిన్న గింజలాంటిది తగులుతుంది. దురద పెడుతుంది. పక్కకి తిరిగి పడుకుంటే నొప్పి. మొదట చింతగింజంత ఉన్నది ఏడాది తిరిగేసరికి రేగిపండంత అవుతుంది. జుట్టు విరబోసుకుని దాచుకోవడం, ఫొటోల్లో ఒకే వైపు నిలబడటం అలవాటైపోతుంది. ఇంట్లో పెళ్లి సంబంధాల మాట మొదలయ్యేసరికి అమ్మ కంగారు పడుతుంది. "ఏదో మాంసం పెరిగింది, చిన్న ఆపరేషనేగా, కోయించేద్దాం" అంటుంది. కోస్తారు. రెండు కుట్లు పడతాయి. చెవి మళ్లీ మామూలుగా కనిపిస్తుంది. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటారు. ఆరు నెలల తర్వాత అదే చోట, ఈసారి ఉసిరికాయంత గడ్డ!

ఇది ఒక్కరి కథ కాదు. చర్మ వైద్యుల దగ్గరికి వచ్చే కీలాయిడ్ కేసుల్లో తరచూ కనిపించే వరస ఇది. తప్పు కోసిన చేతిది కాకపోవచ్చు. కోసి ఊరుకోవడమే తప్పు. అసలు కీలాయిడ్ అంటే ఏంటి? ఎందుకు మళ్లీ మళ్లీ వస్తుంది? దేనికి ఎంతవరకు ఫలితం ఉంటుంది? వివరంగా చూద్దాం.

మచ్చ వేరు.. కీలాయిడ్ వేరు

దెబ్బ తగిలి చర్మం తెగితే శరీరం కొలాజెన్ అనే నారలాంటి పదార్థంతో ఆ గంటును పూడుస్తుంది. పని అయ్యాక ఆగిపోతుంది. కీలాయిడ్ వచ్చే శరీరతత్వం ఉన్నవాళ్లలో ఆ ఆగమనే సంకేతం సరిగ్గా పనిచేయదు. ఇల్లు పూర్తయినా మేస్త్రీకి ఎవరూ ఆపమని చెప్పకపోతే గోడ మీద గోడ కట్టుకుంటూ పోయినట్టు, కణాలు కొలాజెన్‌ను పేరుస్తూనే ఉంటాయి. అందుకే గాయం ఆవగింజంత అయినా గడ్డ మాత్రం దానికి ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. ఉబ్బెత్తుగా ఉన్న ప్రతి మచ్చా కీలాయిడ్ కాదు. కాలిన గాయాల తర్వాత, ఆపరేషన్ కుట్ల మీద ఎర్రగా, తాడులా లేచే మచ్చను హైపర్‌ట్రోఫిక్ స్కార్ అంటారు. అది గాయం గీత దాటి బయటికి రాదు. నెల, రెండు నెలల్లోనే కనిపించి, కాలం గడిచేకొద్దీ కొంతవరకు దానంతట అదే తగ్గుతుంది. కీలాయిడ్ అలా కాదు. గాయం మానిన నెలలకు, ఒక్కోసారి ఏళ్లకు మొదలై, గీత దాటి పక్కనున్న మంచి చర్మంలోకి పాకుతుంది. తనంతట తాను తగ్గడం చాలా అరుదు. పీత కాళ్లలా పక్కలకు పాకుతుంది కాబట్టే ఫ్రెంచ్ చర్మ వైద్యుడు అలిబెర్ 19వ శతాబ్దం మొదట్లో గ్రీకు మాట నుంచి దీనికి ఈ పేరు పెట్టారు. ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, మొదటి రకాన్ని కోసి సరిచేస్తే చాలాసార్లు నిలుస్తుంది. రెండో రకాన్ని ఉత్తినే కోస్తే తిరగబెడుతుంది.

ఎవరికి, ఎక్కడ వస్తుంది?

పదేళ్ల నుంచి ముప్పై ఏళ్ల మధ్య వయసులో ఎక్కువ. చామనఛాయ, నల్లటి చర్మం ఉన్నవాళ్లలో తెల్లవాళ్లకంటే చాలా ఎక్కువ. అంటే మన దగ్గర ఇది అరుదైన సమస్యేం కాదు. అమ్మకో నాన్నకో ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఇది అంటువ్యాధి కాదు.

శరీరంలో దీనికి ఇష్టమైన చోట్లు కొన్ని ఉన్నాయి. ఛాతీ మధ్య భాగం, భుజాలు, వీపు పైభాగం, దవడ గీత, చెవి తమ్మె. కనురెప్పల మీద దాదాపు రాదు. అరచేతులు, అరికాళ్లకూ అంతే. కదిలినప్పుడల్లా చర్మం సాగే చోట్ల కీలాయిడ్ ఎక్కువగా పెరుగుతుందని జపాన్‌కు చెందిన ప్లాస్టిక్ సర్జన్ రేయ్ ఒగావా చాలా ఏళ్లుగా చెబుతున్నారు. ఛాతీ, భుజాల విషయంలో ఈ లెక్క సరిపోతుంది. చెవి తమ్మెకు మాత్రం అంత లాగుడు ఉండదు. అక్కడ రంధ్రం సరిగ్గా మానకముందే కమ్మలు మార్చడం, చీము పట్టడం, లోహం పడక రసి కారడం లాంటివి గాయాన్ని పదే పదే రేపుతుంటాయి. నికెల్ కలిసిన నగ పడని చెవికి అది చిలకలపూడి రోల్డ్ గోల్డా, ఆన్‌లైన్‌లో కొన్నదా అన్న తేడా ఉండదు.

అబ్బాయిలకు రాదనుకుంటే పొరపాటే. ఛాతీ మీద మొటిమలు గిల్లుకున్న చోట రావచ్చు. అభిమాన హీరో పేరు టాటూ వేయించుకుంటే అక్షరాల వెంబడే ఉబ్బెత్తుగా లేవవచ్చు. ఆటలమ్మ మచ్చల మీద కూడా వస్తుంది. పుట్టగానే ఎడమ భుజానికి వేసే బీసీజీ టీకా మచ్చ కొద్దిమందిలో కీలాయిడ్‌గా మారుతుంది. అలాగని టీకా మానేయకూడదు. పసిపిల్లల్లో ప్రాణాంతకమైన క్షయను అడ్డుకునేది అదే.

పసితనంలో చెవులు కుట్టించడం మంచిదేనా?

మన ఇళ్లలో చంటిపిల్లల చెవులు కుట్టించడం పాత ఆచారం. బిడ్డకు ఆరో నెలలోనో, ఏడో నెలలోనో కుట్టించాలని సుశ్రుత సంహితలోనే ఉంది. 2005లో పీడియాట్రిక్స్ అనే అమెరికన్ వైద్య పత్రికలో ఒక చిన్న సర్వే వచ్చింది. చెవి కుట్టించుకుని కీలాయిడ్ తెచ్చుకునే తత్వం ఉన్న 32 మందిని అడిగి చూస్తే, 11 ఏళ్లు దాటాక కుట్టించుకున్నవాళ్లలో 80 శాతం మందికి గడ్డ వచ్చింది. అంతకంటే ముందే కుట్టించుకున్నవాళ్లలో 23.5 శాతం మందికే వచ్చింది. 32 మంది చాలా చిన్న సంఖ్య. దాన్ని పట్టుకుని ఆచారానికి సైన్స్ ముద్ర వేసేయలేం. అయినా కుటుంబంలో కీలాయిడ్ ఉన్నవాళ్లు టీనేజీలో రెండో రంధ్రం గురించి ఒకటికి రెండుసార్లు ఆలోచించడానికి ఆ లెక్క చాలు.

చిన్నప్పుడు కుట్టించిన చెవికి ఏమీ కాలేదు కదా, ఇప్పుడేం అవుతుందిలే అనుకుంటారు చాలామంది. మొదటిసారి రాకపోయినా రెండోసారి రావచ్చు.

మొదటి మెట్టు: గడ్డలోకి ఇంజెక్షన్

కీలాయిడ్ చికిత్సలో ఎక్కువ మంది డాక్టర్లు ముందుగా ఎంచుకునేది స్టెరాయిడ్ ఇంజెక్షన్. మందు పేరు ట్రయామ్సినలోన్. మెడికల్ షాపుల్లో కెనకార్ట్ పేరుతో తెలుసు. దీన్ని చేతికో, నడుముకో ఇవ్వరు. సన్నని సూదితో నేరుగా గడ్డ లోపలికే ఎక్కిస్తారు. గడ్డ గట్టిగా ఉంటుంది కాబట్టి మందు లోపలికి దిగడం కష్టం, నొప్పి కూడా ఎక్కువే. అందుకే మత్తుమందు కలిపి ఇస్తారు, లేదా ముందు ఐస్ పెడతారు.

ఒక్కసారితో అయ్యే పని కాదిది. నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి చొప్పున చాలా సిట్టింగులు పడతాయి. ముందు దురద, నొప్పి తగ్గుతాయి. తర్వాత గడ్డ మెత్తబడుతుంది. చివరికి చదునవుతుంది. చాలామంది దురద తగ్గగానే మానేస్తారు. సరిగ్గా అక్కడే దెబ్బ తింటారు. వైద్య సాహిత్యంలో తరచూ చెప్పే లెక్క ప్రకారం ఈ ఇంజెక్షన్‌కు 50 నుంచి 100 శాతం మందిలో ఎంతో కొంత ఫలితం కనిపిస్తుంది. తిరగబెట్టేది 9 నుంచి 50 శాతం మందిలో. ఈ అంకెల మధ్య ఇంత దూరం ఉండటానికి కారణం గడ్డ వయసు, సైజు, చోటు మనిషికో రకంగా ఉండటమే. పదేళ్ల నాటి పెద్ద గడ్డ కంటే, ఆరు నెలల చిన్న గడ్డ త్వరగా లొంగుతుంది.

ఇక్కడో చిన్న ముచ్చట. ట్రయామ్సినలోన్ 1950ల చివర్లో వాడుకలోకి వచ్చింది. దాన్ని తెచ్చిన కంపెనీల్లో ఒకటి లెడర్లీ. మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనలకు నాయకత్వం వహించిన సంస్థ అదే. ఆయన 1948లోనే కన్నుమూశారు కాబట్టి ఈ మందు ఆయన ఖాతాలోది కాదు.

సైడ్ ఎఫెక్టులు లేవా అంటే ఉన్నాయి. మందు పక్క చర్మంలోకి పోతే అక్కడ తెల్లమచ్చ పడవచ్చు, చర్మం పలచబడి గుంట పడవచ్చు, సన్నని రక్తనాళాలు పైకి తేలవచ్చు. కొందరు ఆడవాళ్లలో నెలసరి తేదీలు అటూ ఇటూ అవుతాయి. షుగర్ ఉన్నవాళ్లకు కొన్ని రోజులపాటు షుగర్ పెరగవచ్చు. అందుకే షుగర్ సంగతి, గర్భం సంగతి డాక్టర్ అడగకపోయినా చెప్పాలి.

ఉత్తి స్టెరాయిడ్‌కు లొంగకపోతే దానికి 5-ఫ్లోరోయురాసిల్ అనే మందు కలుపుతారు. ఇది క్యాన్సర్‌కు వాడే మందు అని గూగుల్‌లో చూసి చాలామంది హడలిపోతారు. ఇక్కడ వాడేది కొద్ది మోతాదు, అదీ గడ్డ లోపలికి మాత్రమే. వేగంగా పెరిగే కణాలను అడ్డుకోవడం దాని పని. రెండూ కలిపి వాడితే విడిగా స్టెరాయిడ్ వాడినదానికంటే ఫలితం బాగుంటోందని, స్టెరాయిడ్ వల్ల చర్మం పలచబడటం కూడా తక్కువని అధ్యయనాలు చెబుతున్నాయి. గర్భిణులకు, బిడ్డకు పాలిచ్చే తల్లులకు మాత్రం ఇది ఇవ్వరు.

గడ్డకట్టించే క్రయో

ద్రవ నైట్రోజన్‌తో గడ్డను గడ్డకట్టించడాన్ని క్రయోథెరపీ అంటారు. చిన్న కీలాయిడ్లకు బాగా పనిచేస్తుంది. ముందు క్రయో చేసి, గడ్డ కాస్త ఉబ్బి మెత్తబడ్డాక ఇంజెక్షన్ ఇస్తే మందు సులువుగా దిగుతుంది. ఇబ్బంది ఏంటంటే చామనఛాయ చర్మం మీద ఆ చోట తెల్లగా మారే ప్రమాదం ఎక్కువ. చెవి వెనకైతే సర్దుకోవచ్చు. దవడ మీద అయితే ముందే ఆలోచించుకోవాలి.

ఆపరేషన్: కోయడం సులువు.. నిలబెట్టడమే కష్టం

కీలాయిడ్‌ను కేవలం కోసి కుట్లు వేసి వదిలేస్తే 45 నుంచి 100 శాతం కేసుల్లో తిరిగి వస్తుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. కారణం అర్థం చేసుకోవడం కష్టమేం కాదు. గాయం వల్ల వచ్చిన గడ్డను తీయడానికి ఇంకో పెద్ద గాయం చేస్తున్నాం. శరీరం మళ్లీ అదే మేస్త్రీ పని మొదలుపెడుతుంది.

అలాగని ఆపరేషన్ వద్దని కాదు. చెవికి కాడలా వేలాడే పెద్ద గడ్డకు ఇంజెక్షన్లతో ఏళ్లు గడపడం కంటే కోయించడమే నయం. షరతు ఒక్కటే, ఆ తర్వాతి చికిత్స ఆపరేషన్‌కు ముందే రాసి పెట్టుకోవాలి. కుట్లు వేసేటప్పుడే అంచుల్లో స్టెరాయిడ్ ఇచ్చి, ఆ తర్వాత నెలనెలా కొనసాగించడం ఒక దారి. చెవికైతే రెండు వైపులా నొక్కి పట్టే ప్రెషర్ కమ్మలు ఇంకో దారి. చూడ్డానికి మామూలు కమ్మల్లాగే ఉంటాయి. రోజులో ఎక్కువ గంటలు, ఆరు నెలల నుంచి ఏడాది దాకా పెట్టుకోవాలి. ఓపికతో పెట్టుకున్నవాళ్లకు మంచి ఫలితమే ఉంటుంది. ఫంక్షన్లకు తీసేసి, వారం తర్వాత గుర్తొచ్చి పెట్టుకుంటే లాభం లేదు.

మూడోది రేడియేషన్. మొండి కీలాయిడ్లకు, రెండు మూడుసార్లు తిరగబెట్టినవాటికి ఆపరేషన్ అయిన వెంటనే, వీలైతే 24 గంటల్లోపే, కొద్ది డోసు రేడియేషన్ మొదలుపెట్టి రెండు మూడు విడతల్లో పూర్తిచేస్తారు. ఉత్తి ఆపరేషన్‌తో పోలిస్తే తిరగబెట్టడం బాగా తగ్గేది దీనితోనే. రేడియేషన్ కాబట్టి భవిష్యత్తులో క్యాన్సర్ వస్తుందా అన్న భయం సహజం. ఆ ప్రమాదం చాలా తక్కువని ఇప్పటివరకు వచ్చిన సమాచారం చెబుతోంది. అయినా పిల్లలకు, గర్భిణులకు ఇవ్వరు. గొంతు దగ్గర థైరాయిడ్, ఛాతీ మీద రొమ్ము ఉన్న చోట్ల ఆచితూచి వ్యవహరిస్తారు. ఇందులో అసలు చిక్కు సమయం. సర్జన్ ఒక ఆస్పత్రిలో, రేడియేషన్ మెషిన్ ఇంకో ఆస్పత్రిలో ఉంటాయి. ఆ అపాయింట్‌మెంట్ చేతిలో లేకుండా ఆపరేషన్ టేబుల్ ఎక్కితే సగం వైద్యమే జరిగినట్టు.

సిలికాన్ షీట్లు, లేజర్, ఉల్లిపాయ జెల్

సిలికాన్ జెల్ షీట్ల వల్ల హాని లేదు. కొత్త కుట్ల మీద, గాయం పూర్తిగా మూసుకున్నాక, రోజుకు 12 గంటలకు పైగా రెండు మూడు నెలలపాటు అంటించుకుంటే మచ్చ లేవకుండా కొంత ఆపగలవు. ఎప్పుడో గట్టిపడిన కీలాయిడ్‌ను అవి ఒక్కటే కరిగిస్తాయనుకుంటే నిరాశ తప్పదు. మన ఎండలకు, చెమటకు కింద చర్మం చెమరుకాయలతో దద్దురెక్కవచ్చు. రోజూ తీసి, కడిగి, ఆరాక అంటించాలి.

లేజర్‌తో ఎరుపు, దురద తగ్గుతాయి. కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో సన్నని రంధ్రాలు చేసి వాటి ద్వారా స్టెరాయిడ్ దించే పద్ధతి కూడా ఉంది. అయితే విడిగా లేజర్ ఒక్కదానితోనే కీలాయిడ్ పోతుందని చెప్పేవాళ్లను నమ్మే ముందు ఒక ప్రశ్న వేయాలి. "ఏడాది తర్వాత మీ పేషెంట్లలో ఎంతమందికి మళ్లీ రాలేదు?" జవాబులో 'ముందు, తర్వాత' ఫొటోలు తప్ప ఇంకేం లేకపోతే లేచి వచ్చేయొచ్చు. ట్రయామ్సినలోన్ మందు ఖరీదు తక్కువ. లేజర్ సిట్టింగ్ అలా కాదు. ప్యాకేజీ బోర్డు మీద ఏది పెద్దక్షరాల్లో ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

ఉల్లిపాయ సారం ఉన్న జెల్స్, విటమిన్-ఇ క్యాప్సూల్ చిదిమి రాయడం లాంటివాటికి కీలాయిడ్ మీద గట్టి ఆధారాలు లేవు. విటమిన్-ఇ కొందరికి అలర్జీ తెచ్చి ఉన్న దురదను రెట్టింపు చేస్తుంది. సున్నం పెట్టడం, దారం బిగించి కట్టడం, బ్లేడుతో గీకడం మాత్రం అసలు వద్దు. ప్రతి కొత్త గాయమూ కీలాయిడ్‌కు కొత్త పునాదే.

వంకాయ, గోంగూర తింటే పెరుగుతుందా?

ఆపరేషన్ అయిన ఇంట్లో పథ్యం మొదలవుతుంది. వంకాయ వద్దు, గోంగూర వద్దు, చేపలు వద్దు, గుడ్డు వద్దు. తింటే మచ్చ లేస్తుందంటారు. తిండి వల్ల కీలాయిడ్ పెరుగుతుందనడానికి ఆధారాలు లేవు. నిజానికి గాయం త్వరగా మానాలంటే ప్రోటీన్ కావాలి. గుడ్డు, చేప, పప్పు మాన్పించి బాలింతను నీరసపెట్టడం వల్ల ఒరిగేదేం లేదు.

బాలింతల మాట ఎందుకంటే, జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 లెక్కల్లో సిజేరియన్ కాన్పులు ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. అంటే ఇన్ని లక్షల పొట్టల మీద కోత గీత ఉంది. వాటిలో కొన్ని కీలాయిడ్‌గా మారతాయి. గర్భంతో ఉన్నప్పుడు ఉన్న కీలాయిడ్ ఇంకా పెరగవచ్చు కూడా. మొదటి కాన్పు కుట్లు లేచాయంటే రెండో కాన్పుకు ముందే ఆ సంగతి గైనకాలజిస్టుకు చెప్పాలి. పాత గీతను తీసేసి కుట్లు వేయడం, ఆ తర్వాత ఇంజెక్షన్లు, సిలికాన్ లాంటివి అప్పుడు ప్లాన్ చేసుకునే వీలుంటుంది. కు.ని. ఆపరేషన్, అపెండిక్స్, గుండె ఆపరేషన్.. దేనికైనా ఇదే మాట.

ఎప్పుడు అనుమానించాలి?

కీలాయిడ్ క్యాన్సర్‌గా మారుతుందన్న భయం అక్కర్లేదు. కానీ కీలాయిడ్‌లా కనిపించే చర్మ క్యాన్సర్ ఒకటి అరుదుగా ఉంటుంది. దెబ్బ తగిలిన గుర్తే లేకుండా గట్టి గడ్డ లేచినా, రక్తం కారినా, పుండు పడినా, ఉన్నట్టుండి వేగంగా పెరిగినా చిన్న ముక్క తీసి పరీక్ష చేయించాలి. ఇలాంటిదానికి తెలిసిన ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ మీద ఇంజెక్షన్ చేయించుకుంటూ పోతే విలువైన నెలలు పోతాయి.

గవర్నర్‌పేట వాళ్లకు డాక్టర్ల వీధి సూర్యారావుపేట నడిచి వెళ్లేంత దూరమే. ప్రైవేటుకు వెళ్లలేనివాళ్లకు విజయవాడ ప్రభుత్వ జనరల్ ఆస్పత్రి ఉంది, కృష్ణ దాటితే మంగళగిరి ఎయిమ్స్ ఉంది. ఎక్కడికి వెళ్లినా చర్మ వైద్యుడి దగ్గర మొదలుపెట్టి, అవసరమైతే ప్లాస్టిక్ సర్జన్ దగ్గరికి వెళ్లడం సరైన వరస. ఎన్ని సిట్టింగులు, ఎన్నాళ్లు, మొత్తం ఎంత ఖర్చు, ఆపరేషన్ చేస్తే ఆ తర్వాత ఏం చేస్తారు.. ఈ నాలుగూ మొదటి రోజే అడగాలి.

పెళ్లి ముహూర్తం పెట్టుకున్నవాళ్లు నెల ముందు వస్తే ఏ డాక్టరూ పెద్దగా ఏం చేయలేరు. ఇంజెక్షన్ల మధ్య గ్యాప్ లెక్కేసుకుంటేనే కనీసం ఆరు నెలలు చేతిలో ఉండాలి. ఒక్క సిట్టింగ్‌లో మాయం చేస్తామన్న చోటికి ఆ తొందరలోనే పరిగెత్తేది.

ఒక చెవికి కీలాయిడ్ వచ్చి తగ్గినవాళ్లు మళ్లీ అక్కడ కుట్టించుకోకూడదు. రెండో చెవికి కొత్త రంధ్రమూ వద్దు. ఫ్యాన్సీ షాపుల్లో ప్రెస్సింగ్ కమ్మలు అడిగితే ఇస్తారు. బరువు తక్కువున్నవి చూసుకుని, ఇంటికి రాగానే తీసేస్తే చాలు.